గీతలు దాటి వచ్చినవాళ్ళు

ఉప్పల్ చౌరస్తాలో నిలబడి చుట్టూ చూస్తే ఇది ఊరు కాదు, దారుల సంత అనిపిస్తుంది. ఒక దారి వరంగల్లుకు పోతుంది. ఒకటి మూసీ దాటి నాగోలు మీదుగా ఎల్.బి. నగర్‌కు, ఒకటి రామంతాపూర్ మీదుగా అంబర్‌పేటకు, మరొకటి హబ్సిగూడ మీదుగా సికింద్రాబాదుకు. నెత్తి మీద మెట్రో రైలు. దానికీ నేలకూ నడుమ 2023 జూన్‌లో తెరిచిన ఆకాశవంతెన. జనాన్ని రోడ్డు మీదికి దిగనివ్వకుండా ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటిస్తుంది.

"దాటించడానికి ఇన్ని మెట్లెక్కించాలా?" అన్నది మా ఆవిడ ఆయాసపడుతూ.

లిఫ్టు ఉన్నదని చెప్పాను.

"పైకొచ్చాక చెబుతారేమండీ!" అన్నది.

మా మేనల్లుడు నాచారంలో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి రాలేకపోయామని, ఒక శనివారం ఉదయం బయలుదేరాము. వాడు అక్కడే ఒక చిన్న కార్ఖానాలో లెక్కలు చూస్తాడు. ఉప్పల్‌లో ఆటో ఎక్కి సికింద్రాబాదు దారి పట్టాము. దేశమంతటికీ ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియమే గాని, ఈ దారి పొడుగునా పెద్ద చదువుల కొలువులు ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణ సంస్థ ఇక్కడిదే. తరువాత 1961లో పెట్టిన భూభౌతిక పరిశోధనా సంస్థ. ఆ సమీపాననే జీవకణ పరిశోధనకు పేరుపడిన సి.సి.ఎం.బి. దేశపు పటాలు గీయడం నేర్పేది ఒకరు, భూమి లోపల ఏముందో వెదికేది ఒకరు, మనిషి కణంలో ఏముందో చూసేది మరొకరు. భూమికీ కణానికీ రాష్ట్రాల సరిహద్దులు లేవు. అవి ఉండేది సర్వేవారి పటాలలోనే.

హబ్సిగూడ దగ్గర కుడిచేతి వైపు తిరిగాము. అక్కడినుంచి దారి ఇరుకు, లారీలు ఎక్కువ. నాచారం వచ్చిందని బోర్డులు చూసి తెలుసుకోవలసిన పని లేదు. ఇనుప షెడ్లూ, గేటు గేటుకూ కాపలావాడూ, వాటి నడుమ పిల్లల బట్టలు ఆరవేసిన మేడలూ కనబడితే అదే నాచారం. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి భాగ్యనగరానికి తరలి వచ్చిన రోజులలో ఎన్.టి. రామారావు గారు ఒక స్టూడియో కట్టించినది కూడా ఈ నాచారంలోనే. కెమెరాలూ, మేకప్పు పెట్టెలూ, వాటి వెంట వడ్రంగులూ, దర్జీలూ రాష్ట్రం దాటి వచ్చారు. ఈ పేటకు వలస కొత్తది కాదు.

పాత సరిహద్దు

మా నాన్నగారిది హనుమకొండ. ఆయన చిన్నతనంలో బెజవాడ వెళ్ళడమంటే ఒక విధంగా విదేశయాత్ర. నిజాం సంస్థానానికి వేరే నాణెం ఉండేది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. వేరే తపాలా బిళ్ళ, వేరే రైలు కంపెనీ. సరుకు సరిహద్దు దాటితే కరోడ్‌గిరీ సుంకం చెల్లించాలి. కొత్త ధోవతుల జత కొన్నవాడు ఒకటి కట్టుకొని, రెండవది నడుముకు చుట్టుకొని వచ్చేవాడని ఆయన నవ్వుతూ చెప్పేవారు.

1948 సెప్టెంబరు తరువాత ఆ గోడలు ఒక్కటొక్కటే పడిపోయాయి. 1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణాలు ఒక రాష్ట్రమయ్యాయి; 2014 జూన్ 2న మళ్ళీ రెండయ్యాయి. 2017 జూలై 1న దేశమంతటికీ ఒకే పన్ను వచ్చి, రాష్ట్రాల పొలిమేరలలో లారీలను ఆపే అమ్మకపు పన్ను తనిఖీ ద్వారాలు కూడా మూతపడ్డాయి.

ఈ చరిత్రలో ఒక సంగతి గమనించాలి. సరుకుకు గోడ పడిపోవడం సులభంగా జరిగింది. మనిషికి మాత్రం అంత సులభం కాలేదు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం సర్కారు కొలువు కావాలంటే ముల్కీ కావాలి. అంటే పదిహేనేళ్ళ నివాసం ఉండాలి. బయటివాళ్ళు వచ్చి కొలువులన్నీ ఎగరేసుకొని పోతారన్న భయం ఆ నిబంధనకు మూలం. ఆ భయం ఉత్తది కాదని 1952లోనూ, 1969లోనూ ఈ నగరపు వీధులలో వినబడిన నినాదాలే చెబుతాయి. గోడ కూలితే మేలే గాని, ఎవరికి మేలు, ఎవరి కూటికి గండి అనే ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

ఎదురింటి దుకాణం

మేనల్లుడి ఇల్లు రెండవ అంతస్తు. ఎదురుగా చౌకధరల దుకాణం. కాఫీ తాగుతూ వరండాలో కూర్చుంటే క్యూ అంతా కనిపిస్తుంది. ఉన్నట్టుండి మా ఆవిడ గ్లాసు కింద పెట్టి చెవి ఒగ్గింది.

"ఏమండీ, ఎవరో మా వైపువాళ్ళు!"

ఆమెది బొబ్బిలి. నా ఉద్యోగపు బదిలీల పుణ్యమా అని ముప్పై ఏళ్ళుగా ఊరూరా తిరిగినా, ఉత్తరాంధ్ర యాస వినబడితే ఆమె కాళ్ళు నిలవవు. చెప్పులు వేసుకొని మెట్లు దిగింది. నేనూ వెనకే వెళ్ళాను.

క్యూలో ఒక ముప్పై ఏళ్ళ మనిషి. చంకలో సంచీ, చేతిలో ప్లాస్టిక్ కవరులో మడిచిన కార్డు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది మా ఆవిడ.

"టెక్కలి దగ్గరమ్మా. ఒచ్చి నాలుగేళ్ళయింది. మా ఆయన మందుల కంపెనీల పని సేత్తాడు. నాను మేడల్ల గిన్నెలు తోముతాను."

"మరి కార్డు?"

"శీకాకుళందేనమ్మా. ఇక్కడా బియ్యం ఇత్తారు."

ఆమె వంతు వచ్చింది. దుకాణం అతను కార్డు నంబరు నొక్కి, "వేలు పెట్టమ్మా" అన్నాడు. చిన్న యంత్రం మీద ఆమె బొటనవేలు ఆనించింది. ఒకసారి పడలేదు. గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయాయి కాబోలు. వేలును కొంగుతో తుడుచుకొని మళ్ళీ ఆనించింది. యంత్రం చీటీ కక్కింది.

"గిప్పుడు ఏ ఊరి కార్డైనా నడుస్తది సార్," అన్నాడు దుకాణం అతను నా ఆశ్చర్యం చూసి. "బిహారోళ్ళొస్తరు, ఒడిశావోళ్ళొస్తరు. యేలు పడితే చాలు."

ఇది మన తెలుగువాళ్ళు గర్వించవలసిన సంగతి. ఒక రాష్ట్రపు కార్డు మీద మరో రాష్ట్రంలో బియ్యం ఇచ్చే పద్ధతిని దేశంలో మొదట ప్రయోగంగా పెట్టినది 2019 ఆగస్టు 9న, రెండు జంటల మధ్య. ఒక జంట గుజరాత్, మహారాష్ట్ర. రెండవది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. విడిపోయి ఐదేళ్ళయిన అన్నదమ్ములు నీళ్ళ గురించీ ఆస్తుల గురించీ ఇంకా తగవు పడుతూనే, బియ్యం దగ్గర ఒక మాట మీదికి వచ్చారు. 2022 జూన్ నాటికి దేశంలోని అన్ని రాష్ట్రాలూ ఇందులో చేరాయి.

పని జరిగే తీరు కూడా తెలివైనదే. ఆమె కార్డులో నాలుగు పేర్లున్నాయి. మొగుడూ పెళ్ళామూ ఇక్కడ. అత్తగారూ, బడికి వెళ్ళే కొడుకూ టెక్కలి దగ్గర. మనిషికి ఐదు కిలోల లెక్కన ఇరవై కిలోలు. ఇక్కడ పది కిలోలు తీసుకుంటే మిగిలిన పదీ అక్కడ అత్తగారు వేలిముద్ర వేసి తెచ్చుకుంటుంది. పూర్వం ఇలాంటి కుటుంబానికి రెండే దారులు: కార్డు ఊళ్ళో వదిలి ఇక్కడ అంగడి బియ్యం కొనుక్కోవడం, లేదా ఇక్కడివాళ్ళమని చెప్పి కొత్త కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం.

అయితే గీత పూర్తిగా చెరగలేదు. తెలంగాణ కార్డుకు మనిషికి ఆరు కిలోలు. పొరుగు కార్డుకు కేంద్రపు వాటా ఐదే. రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చిన కార్డులు, అంటే జాతీయ ఆహార భద్రతా చట్టంలోకి రానివి, పొలిమేర దాటవు. అత్తగారి పింఛను ఊళ్ళోనే అందుతుంది. ఓటూ అంతే. 2024 మే 13న ఓటు వేయడానికి బస్సులో నిలబడి వెళ్ళారట.

రంగం వెళ్ళిన ముత్తాత

మా ఆవిడ ఆమెను పైకి తీసుకు వచ్చి కాఫీ ఇచ్చింది. మాటలలో తెలిసింది, ఆమె ముత్తాత రంగం వెళ్ళాడట. "ఓడెక్కి ఎల్లాడు. తిరిగొచ్చినప్పుడు కాళ్ళు తప్ప ఏటీ లేదంట," అన్నది.

రంగం అంటే రంగూన్. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలనుంచి వేలకు వేలు ఆ రేవుకు కూలికి వెళ్ళిన రోజులవి. బర్మా అప్పుడు ఇండియాలో భాగమే. పోవడానికి అడ్డు లేదు. కాని వారి పేరు మేస్త్రీ పుస్తకంలో అప్పు కింద తప్ప మరెక్కడా ఉండేది కాదు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మీయులను తీసుకున్నారు. సమ్మె ముగియగానే బర్మీయులను పొమ్మన్నారు. యజమానులు ఆడిన ఆ ఆటలో ఇద్దరు పేదవాళ్ళు ఒకరినొకరు చంపుకున్నారు. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరే దేశమయింది. 1942లో జపానువారు వచ్చేసరికి మనవాళ్ళు లక్షలలో అడవులు పట్టి నడిచారు. తిరిగి వచ్చినవారిలో ఆ ముత్తాత ఒకడు.

ఇంకొక నడక మనం కళ్ళారా చూశాము. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఈ కార్ఖానాలూ మూతపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం వలస కూలికి తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తానని ప్రకటించింది. మంచి మాటే. కాని ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే ముందు ఎంతమంది ఉన్నారో తెలియాలి. ఆ లెక్క ఎవరి పుస్తకంలోనూ సరిగా లేదు. మే 1న కార్మికుల కోసం దేశంలో నడిపిన మొదటి ప్రత్యేక రైలు మన నగరపు పడమటి అంచున ఉన్న లింగంపల్లి నుంచే బయలుదేరింది. సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళింది.

చేతికట్టు

భోజనాలయ్యాక మేనల్లుడు పేట చూపిస్తానని తీసుకు వెళ్ళాడు. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. కార్మికుల రాజ్య బీమా చట్టం 1948 నాటిది. పథకం మొదట 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోనూ ఢిల్లీలోనూ ఆరంభమయింది. జీతంలో కార్మికుడు నూటికి ముప్పావు రూపాయి, యజమాని మూడుంపావు రూపాయి కడతారు. చట్టం కిందికి వచ్చే సంస్థలలో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్ళకు వర్తిస్తుంది. ఒకసారి నంబరు పడితే అది దేశమంతటా చెల్లుతుంది. మొగుడు నాచారంలోనూ కుటుంబం ఊళ్ళోనూ ఉంటే అక్కడివాళ్ళు అక్కడే వైద్యం చేయించుకోవచ్చు. ఈ టెక్కలి మనిషి భర్తకు ఆ నంబరు ఉన్నది. ఆమె రెండవ కాన్పు ఇక్కడికి రాకముందే, ఆ నంబరు మీదనే జరిగిందట.

ఆసుపత్రికి కొద్ది దూరంలో టీ బంకు దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చున్నారు. ఒకడి కుడిచేతికి మాసిన కట్టు. మేనల్లుడు హిందీలో పలకరించాడు. గంజాం జిల్లావాళ్ళట. ప్రెస్సు యంత్రంలో రెండు వేళ్ళు నలిగాయి. కంట్రాక్టరు ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కట్టు కట్టించి, చేతిలో రెండు వేలు పెట్టి, తగ్గాక రమ్మన్నాడు.

"ఎదురుగానే ఆసుపత్రి ఉన్నదిగదా?" అన్నాను.

కుర్రవాడు ఆసుపత్రి వైపు చూసి, "నంబర్ నహీ హై" అన్నాడు.

నడుస్తూ మేనల్లుడు చెప్పాడు: "చట్టం ప్రకారం మొదటి రోజునుంచే వాడికి హక్కున్నది మామయ్యా. పనిలో దెబ్బ తగిలితే వైద్యమూ ఉచితమే, లేవలేనన్నాళ్ళూ జీతంలో నూటికి తొంభై వంతులు వస్తుంది. కంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని కట్టి, వాడి దగ్గర రాబట్టుకోవాలి. కాని పేరు రాయకపోతే వాడు ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది?"

ఒడిశా కూలీల సంగతి చట్టాలకు కొత్త కాదు. అక్కడ 'దాదన్' పేరుతో బయానా ఇచ్చి మనుషులను పొరుగు రాష్ట్రాలకు తోలుకుపోయి, లెక్క చూడకుండా వదిలేసేవారు. ఆ గోల మీదనే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఫోటో అంటించిన పాసుపుస్తకం, రాకపోకల ఖర్చు, స్థానికులతో సమానమైన కూలి, అన్నీ అందులో ఉన్నాయి. ఐదుగురు వలసవాళ్ళుంటే వర్తించేది. 2020లో పార్లమెంటు దానిని కొత్త కార్మిక స్మృతిలో కలిపింది. తనంతట తాను వచ్చినవాడిని కూడా లెక్కలోకి తీసుకోవడం అందులో మంచి మార్పు. ఐదుగురిని పదిమంది చేయడం చిన్న షెడ్లకు తప్పించుకునే దారి.

దారిలో మేనల్లుడి పక్కింటాయన కలిశాడు. పాతకాలపు నాచారం మనిషి. మా మాటలు విని ఊరుకోలేదు.

"మీకేం సార్, పాపమంటరు. మా పిలగాడు ఐ.టి.ఐ. చదివిండు. వాడు పద్దెనిమిది వేలు అడుగుతడు. ఈళ్ళు పన్నెండుకే పన్నెండు గంటలు చేస్తరు. వాడికి పనెవరిస్తరు?"

ఆయన మాటలో తప్పు లేదు. 1969లో వినబడిన మాటే ఇది, రంగూన్ రేవులో బర్మీయుడు అన్న మాటే ఇది. కాని కొంచెం ఆలోచిస్తే, ఆయన కొడుకు పని ఊడగొట్టినది గంజాం కుర్రవాడు కాదు. వాడి పేరు రాయని పుస్తకం. పేరు రాస్తే కూలి చట్టం లెక్కన ఇవ్వాలి, ఎక్కువ గంటలకు రెట్టింపు ఇవ్వాలి, ఇ.ఎస్.ఐ. కట్టాలి. అప్పుడు ఇద్దరి ధరా ఒకటే అవుతుంది. ఇద్దరిలో పని బాగా తెలిసినవాడికి పని దొరుకుతుంది.

ఐరోపాలో ఆరు దేశాలు 1957లో రోము నగరంలో ఒప్పందం చేసుకొని సరిహద్దులు సడలించినప్పుడు, మరుసటి ఏడే చేసుకున్న తొలి నిబంధనలలో ఒకటి పొరుగు దేశపు కార్మికుడి బీమా గురించి. ఇటలీవాడు బెల్జియం గనిలో పనిచేసిన సంవత్సరాలు, అతడి పింఛను లెక్కలో కలవాలన్నారు. దయ ఒక్కటే కాదు అందుకు కారణం. చౌకమనిషిని తెచ్చి మనమనిషిని పడగొట్టకుండా చూసుకోవడం కూడా అందులో ఉంది.

పుస్తకంలో పేరు

సాయంత్రం బయలుదేరేముందు మా ఆవిడ మేనల్లుణ్ణి అడిగింది, మామూలుగా కూర ఎలా ఉందని అడిగినట్టే.

"నీ పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయిట్రా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, "ఆ కంట్రాక్టరే మాకూ మనుషులను పంపుతాడత్తయ్యా," అన్నాడు. "వాళ్ళది వాడు చూసుకుంటాడని మా యజమాని అంటాడు. పదకొండుమంది."

ఆమె మరేమీ అనలేదు. టిఫిను డబ్బా సర్దుకున్నది. మెట్రోలో వచ్చేటప్పుడు నేనూ మాట్లాడలేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఏ జిల్లానుంచి వచ్చిందో తెలుసు గాని, ఆమెకు కార్డు ఉన్నదో లేదో నేనెన్నడూ అడగలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

మూడు వారాల తరువాత మేనల్లుడు ఫోను చేశాడు. యజమానికి చట్టం కాగితం చూపించి, రేపు ప్రమాదమైతే మొత్తం తన మెడకే చుట్టుకుంటుందని చెప్పాడట. దయకు కదలని మనిషి లెక్కకు కదిలాడు. పదకొండు పేర్లూ ఎక్కాయి. కంట్రాక్టరు అలిగాడు గాని మనుషులను మాత్రం పంపుతూనే ఉన్నాడు.

"ఆ చేతికట్టు కుర్రవాడు?" అని అడిగాను.

"వాడు పనిచేసిన షెడ్డు వేరే మామయ్యా. మావాళ్ళలో ఒకడి చేత కబురు పంపాను, ఆసుపత్రిలో అర్జీ పెట్టిద్దాం రమ్మని. అప్పటికే చర్లపల్లిలో రైలెక్కి వెళ్ళిపోయాడట."

చర్లపల్లి స్టేషను నాచారానికి ఆట్టే దూరం కాదు. 2025 జనవరి 6న కొత్త హంగులతో ప్రారంభించారు; అద్దాల మేడ, మెట్లు వాటంతట అవే కదులుతాయి. రైలు వాణ్ణి రాష్ట్రం దాటించి తీసుకు వచ్చింది, అంత సులభంగానూ తీసుకు వెళ్ళింది. ఊళ్ళో వాడి వేలిముద్రకు బియ్యం దొరుకుతుంది. ఏ వేళ్ళు మిగిలాయో వాటితో.

మా ఆవిడ ఆ మాట విని చాలాసేపు ఊరుకున్నది. తరువాత వంటింట్లోకి వెళ్ళి, పనిచేసే అమ్మాయిని కూర్చోబెట్టి, "నీ కార్డు ఎక్కడుందే? రేపు తీసుకురా, చూద్దాం" అంటున్నది.